యిర్మీయా పది రోజులు ఆగాడు

మొన్న గుంటూరు కొత్తపేటలో ఉపవాస ప్రార్థన అయ్యాక ఒక అక్క అయ్యగారి దగ్గరకొచ్చి, కూతురి సంబంధం గురించి దేవుడేమంటున్నాడో ఇప్పుడే చెప్పండయ్యా, రేపు వాళ్లకి మాటివ్వాలి అని అడిగింది. "ప్రార్థన చేస్తానమ్మా, నాకింకా ఏమీ తెలియలేదు" అన్నారాయన. ఆమె మొహం చిన్నబోయింది. నాకు మాత్రం బైబిల్లో యిర్మీయా ప్రవక్త గ్రంథం 42వ అధ్యాయం గుర్తొచ్చింది.

బబులోను వాళ్ల చేతిలో యెరూషలేము కూలిపోయింది, వాళ్లు అధిపతిగా పెట్టిన గెదల్యాను కూడా చంపేశారు. మిగిలిన జనం భయంతో బేత్లెహేము దగ్గర దిగి, మేమేం చేయాలో నీ దేవుణ్ణి అడుగు, మంచైనా చెడైనా వింటాం అని యిర్మీయాను బతిమాలారు. అప్పటికి ఆయన ప్రవక్తగా పిలుపు పొంది దాదాపు 40 ఏళ్లు. అంతటివాడు కూడా వెంటనే నోరు తెరవలేదు. పది రోజుల తర్వాతే వాక్కు వచ్చిందని 7వ వచనం. బబులోను వాళ్లు వచ్చిపడతారన్న టెన్షన్‌లో ఊరంతా తన మొహంలోకే చూస్తుంటే, తనకు తోచింది చెప్పి "యెహోవా సెలవిచ్చాడు" అనేయడం ఎంత తేలిక! ఆయన అనలేదు. నాకు కన్నీళ్లొచ్చేది అక్కడే.

ప్రవక్తలతో దర్శనంలో, కలలో మాట్లాడతాననీ, మోషేతో మాత్రం ముఖాముఖిగా మాట్లాడతాననీ సంఖ్యాకాండము 12లో దేవుడే అన్నాడు. అయినా ప్రవక్తలందరికీ అంతా క్షణంలో స్పష్టంగా వినిపించేసేదనుకుంటాం. కానీ యిర్మీయా 32వ అధ్యాయం చూడండి. తండ్రి తోబుట్టువు కొడుకు హనమేలు పొలం అమ్మడానికి వస్తాడని యిర్మీయాకు ముందే వాక్కు వచ్చింది, అతను నిజంగానే చెరసాల ప్రాంగణానికి వచ్చి అదే మాట అడిగాక "అది యెహోవా వాక్కు అని అప్పుడు తెలుసుకున్నాను" అంటాడాయన. 17 తులాల వెండి తూచి ఇచ్చింది ఆ తర్వాతే.

ఇక ఆ జనం సంగతి. ఐగుప్తుకు (ఈజిప్టుకు) పోవాలని వాళ్లు యిర్మీయాను అడగకముందే బయలుదేరి ఉన్నారు (41:17). ఇక్కడే ఉండండి, భయపడకండి అని జవాబొస్తే, నువ్వు అబద్ధమాడుతున్నావు, నీ లేఖకుడు బారూకు నీకు ఎక్కించాడు అన్నారు. ప్రార్థనకు ముందే నిర్ణయం చేసేసుకుని దేవుడి సంతకం కోసం మాత్రం వెళ్లిన రోజులు నాకూ ఉన్నాయి, ఆ వచనం దగ్గర తలెత్తలేను.

చివరికి వాళ్లు యిర్మీయాను కూడా ఐగుప్తుకు తీసుకుపోయారు. అక్కడ, తహపనేసులో, ఆయనకు మళ్లీ వాక్కు వచ్చింది.