దీపం వెలుగుతుంది కానీ వేడెక్కదు: మా ఇంటి ఎలక్ట్రిక్ ఓవెన్ కథ

ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌కు వచ్చినప్పటి నుంచి చలికాలంలో ఇడ్లీ పిండి పులియడానికి మా ఇంట్లో ఓవెన్‌కు మించిన చోటు లేదు. వేడి పెట్టకుండా లోపలి దీపం మాత్రం వేసి, మూత పెట్టిన గిన్నెను రాత్రంతా లోపల ఉంచితే, బయట మంచు కురుస్తున్నా తెల్లవారేసరికి పిండి అంచుదాకా పొంగుతుంది. పెరుగు తోడుకునేదీ అక్కడే. గత జనవరిలో ఒక ఆదివారం ఉదయం ఎప్పటిలాగే పొంగిన పిండిని బయటికి తీసి, పచ్చడికి వంకాయలు కాల్చుదామని బ్రాయిల్ (పై కడ్డీ వేడితో కాల్చే అమరిక) పెడితే, పావుగంట గడిచినా పై కడ్డీ ఎర్రబడలేదు. కింది కడ్డీతో పనిచేసే బేక్ పెట్టి చూస్తే దానిదీ అదే స్థితి. మాది కింద ఓవెన్, పైన గాజు పలక కలిసిన ఒకే స్టవ్. ఆ పలక మీద నాలుగు పొయ్యిల్లో ఒక్కటీ వేడెక్కలేదు. గడియారం మాత్రం సరిగ్గా నడుస్తోంది, లోపలి దీపం వెలుగుతూనే ఉంది.

ఒక మరమ్మతు సంస్థకు ఫోన్ చేసి లక్షణాలు చెబితే, వచ్చి చూడకుండానే కంట్రోల్ బోర్డు (ఓవెన్‌ను నడిపే ఎలక్ట్రానిక్ పలక) మార్చాలన్నారు. ఆ మాట నాకు నమ్మశక్యంగా అనిపించలేదు. మా స్టవ్‌లో పొయ్యిల నాబ్‌ల వెనుక ఉన్నవి విడి స్విచ్‌లు. వాటికి వెళ్లే కరెంటు బోర్డు గుండా పోదు. కాబట్టి బోర్డు చెడిపోతే ఓవెన్ ఆగవచ్చు గానీ, దానితో సంబంధం లేని నాలుగు పొయ్యిలు అదే ఉదయం ఆగిపోవడానికి కారణం కనిపించదు. అన్నీ ఒకేసారి ఆగాయంటే, అన్నింటికీ ఉమ్మడిగా ఉన్నదాన్నే ముందు అనుమానించాలి. ఆ ఉమ్మడి వస్తువు కరెంటు సరఫరా.

ఇక్కడి ఇళ్లలో మామూలు ప్లగ్గులకు వచ్చేది 120 వోల్టులు. ఎలక్ట్రిక్ స్టవ్‌కు మాత్రం ఒక్కొక్కటీ 120 వోల్టులున్న రెండు లైవ్ తీగలు (కరెంటు మోసుకొచ్చేవి) వస్తాయి. ఆ రెండింటి మధ్య 240 వోల్టులు ఉంటాయి. ఓవెన్ కడ్డీలూ గాజు కింది పొయ్యిలూ రెండు తీగల మధ్య పనిచేస్తే, గడియారం, దీపం ఒక లైవ్ తీగకూ న్యూట్రల్‌కూ (కరెంటు తిరిగి వెళ్లే తీగకూ) మధ్య పనిచేస్తాయి. రెండో లైవ్ తీగ ఎక్కడైనా తెగితే దీపానికి తేడా తెలియదు, కడ్డీకి మాత్రం తిరుగుదారి ఉండదు. ఆ రాత్రి పిండి పులియడమూ ఆ ఉదయం వంకాయ కాలకపోవడమూ ఒకే కారణాన్ని చూపిస్తున్నాయని అర్థమయ్యాక, వెతకాల్సిన చోటు చాలా చిన్నదైపోయింది.

బేస్‌మెంట్‌లోని కరెంటు ప్యానెల్‌లో స్టవ్‌కు, రెండు లైవ్ తీగలనూ కలిపి ఆపే 40 ఆంపియర్ల బ్రేకర్ (కరెంటు మితిమీరితే తనంతట ఆగే స్విచ్) ఉంది. ట్రిప్ అయిన (తనంతట ఆగిన) బ్రేకర్ కొన్నిసార్లు చూపుకు ఆన్‌లో ఉన్నట్టే ఉంటుంది కనుక, దాన్ని పూర్తిగా ఆఫ్ వైపు నొక్కి మళ్లీ ఆన్ చేశాను. మార్పు లేదు. మళ్లీ ఆఫ్ చేసి, స్టవ్‌ను మెల్లగా ముందుకు లాగి, ప్లగ్గు తీసి, వెనుక కింది భాగంలో ఉన్న చిన్న రేకు మూత విప్పాను. ప్లగ్గు నుంచి వచ్చే కార్డు తీగలు బిగుసుకునే టెర్మినల్ బ్లాకులో ఒక స్క్రూ వదులై, దాని చుట్టూ ప్లాస్టిక్ నల్లబడి, తీగ పైపూత గోధుమ రంగుకు మాడి ఉంది. వదులైన బిగింపు దగ్గర నిరోధం పెరుగుతుంది, భారీ కరెంటు పారినప్పుడు ఆ చోటు వేడెక్కుతుంది, వేడికి బిగింపు మరింత వదులవుతుంది. ఎన్నో వంటల పాటు ఇది నిశ్శబ్దంగా సాగి, చివరికి ఆ తీగకూ స్టవ్‌కూ సంబంధం తెగిపోయింది. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి బ్లాకునూ కార్డునూ రెండింటినీ మార్పించాను. మాడిన తీగను మళ్లీ బిగించి వాడటం నిప్పుతో చెలగాటమే. 1996 తర్వాత ఇక్కడి కోడ్ (కరెంటు పనుల నియమావళి) కొత్త సర్క్యూట్లకు, రెండు లైవ్ తీగలు, న్యూట్రల్‌తో పాటు విడిగా ఎర్త్ తీగ కూడా ఉన్న నాలుగు తీగల కనెక్షన్ అడుగుతోంది. పాత ఇళ్లలో మూడు తీగలవి ఇంకా ఉంటాయి. మూడు తీగల కార్డు స్థానంలో నాలుగు తీగలది వేసేటప్పుడు, న్యూట్రల్‌ను స్టవ్ రేకుకు కలిపే పట్టీని తప్పనిసరిగా తొలగించాలి.

అన్నీ కాకుండా ఒక్క బేక్ మాత్రమే పనిచేయక, బ్రాయిల్ బాగా ఉంటే అనుమానం కింది కడ్డీ మీదకు పోవాలి. కడ్డీ మీద బొబ్బలాంటి ఉబ్బు గానీ పగులు గానీ తరచు కంటికే కనిపిస్తుంది. కనిపించకపోతే బ్రేకర్ ఆపి, కడ్డీ తీగలు విడదీసి మల్టీమీటర్‌తో నిరోధం చూస్తే, 2,500 వాట్ల కడ్డీకి సుమారు 23 ఓమ్‌లు రావాలి. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. కడ్డీ తెగిన చోట నిప్పురవ్వలు లేస్తుంటే నాబ్ ఆఫ్ చేయడం చాలకపోవచ్చు, ఎందుకంటే చాలా ఓవెన్లలో నాబ్ ఒక లైవ్ తీగనే ఆపుతుంది. రెండో తీగ నుంచి కరెంటు రేకులోకి పారుతూనే ఉంటుంది. తలుపు మూసే ఉంచి, నేరుగా బ్రేకర్ దగ్గరికి వెళ్లాలి.

వేడెక్కుతుంది గానీ కేకు మధ్యలో పచ్చిగా ఉంటే, ముందు ఒక ఓవెన్ థర్మామీటర్ కొని మధ్య అరలో పెట్టాలి. కడ్డీ ఆగి వెలుగుతూ ఉండటం సహజం కనుక ఒక్కసారి చూసిన అంకెను నమ్మకూడదు. అరగంట పాటు ఎక్కువ తక్కువలు రాసుకుని సగటు తీయాలి. సగటు కొద్ది డిగ్రీలే తేడాగా ఉంటే చాలా మోడళ్లలో స్టవ్ మీది బటన్ల ప్యానెల్ నుంచే సవరించుకోవచ్చు. తేడా మరీ ఎక్కువైతే ఓవెన్ లోపలి వెనుక గోడకున్న ఉష్ణోగ్రత సెన్సర్ నిరోధాన్ని కొలవాలి. ఎలక్ట్రానిక్ ఓవెన్లలో మామూలుగా వాడే సెన్సర్ గది వేడిలో దాదాపు 1,100 ఓమ్‌లు, 350 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర సుమారు 1,650 ఓమ్‌లు చూపిస్తుంది.

గాజు పలక విషయంలో మన వంటకు సంబంధించిన జాగ్రత్తలు రెండున్నాయి. బెల్లం పాకం పొంగి పడితే చల్లారనివ్వకూడదు. అది గాజును పట్టుకుని గట్టిపడి, గీకినప్పుడు గాజు పెచ్చులతో సహా ఊడివస్తుంది. చేతికి మందపాటి గుడ్డ చుట్టుకుని, వేడిగా ఉండగానే బ్లేడు గీకుడుతో తీసేయాలి. రెండోది, అడుగు గుండ్రంగా ఉన్న మూకుడు. దాని కింద వేడి తిరిగి గాజుకే చేరడంతో రక్షణ స్విచ్ మాటిమాటికీ పొయ్యిని ఆపుతుంది. పొయ్యి పాడైందనుకుని చాలామంది కంగారు పడేది ఇక్కడే. సమతలంగా ఉన్న గిన్నె పెడితే సరిపోతుంది.

తీవ్రమైన వేడితో ఓవెన్ తనలోని మరకలను తానే కాల్చేసుకునే సెల్ఫ్ క్లీన్‌ను నేను ఏడాదికి ఒకసారికి మించి వాడను, పండుగ ముందు అసలు వాడను. లోపల వేడి 900 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరువవుతుంది, ఆ వేడికి తలుపు తాళమో రక్షణ ఫ్యూజో పోయే అవకాశం ఉంది. వంటసోడా ముద్ద రాత్రంతా పట్టించి తుడిస్తే మామూలు మరకలు పోతాయి. తలుపు చుట్టూ ఉన్న అల్లిక పట్టీని మాత్రం రుద్దకూడదు.

పిండి లోపల ఉన్నప్పుడు ఇంకెవరో తెలియక ప్రీహీట్ (ముందస్తు వేడి) పెట్టకుండా స్టవ్ బటన్ల ప్యానెల్ మీద కాగితం అంటించడం మా ఇంట్లో నియమం. స్టవ్‌ను తిరిగి గోడకు జరిపిన రోజున వెనుక కాలు నేలకు బిగించిన బ్రాకెట్‌లోకి దిగిందో లేదో కూడా చూశాను. తెరిచిన తలుపు మీద పిల్లలు ఎక్కితే స్టవ్ ముందుకు ఒరగకుండా ఆపేది ఆ చిన్న ఇనుప ముక్కే. 1991 నుంచి ఇక్కడి భద్రతా ప్రమాణాలు దాన్ని తప్పనిసరి చేశాయి. స్టవ్ వెనుక అంచు పట్టుకుని మెల్లగా ముందుకు వంచి చూశాను. కాలు బ్రాకెట్‌కు తగిలి ఆగింది.