మహెబూర్ బస్సులో నాలుగు రంగుల జెండా

మారిషస్ రాజధాని పోర్ట్ లూయిస్ నుంచి మహెబూర్‌కి బస్సులోనే వెళ్ళా. టాక్సీవాడు చెప్పిన రేటుకి మా కాకినాడ నుంచి హైదరాబాద్ వెళ్ళి రావచ్చు, అసలే మారిషస్ రూపాయి మన రూపాయికి ఇంచుమించు డబుల్, ఏది కొన్నా లెక్కేసుకుని గుండె గుభేల్మంటోంది. విక్టోరియా స్టేషన్లో ఎక్కింది అశోక్ లేలాండ్ బస్సే, ఆ కుదుపు ఎక్కడున్నా గుర్తుపట్టేస్తాం. వీళ్ళ స్వాతంత్ర్య దినం మార్చి 12 దగ్గర పడింది కదా, అద్దం పొడుగునా చిన్న చిన్న జెండాలు, ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ అడ్డపట్టీలు.

పక్క సీట్లో ఒక పెద్దాయన. ఆంధ్రా అనగానే మొహం వెలిగిపోయింది, "మాదీ కోరంగే" అన్నాడు. తెలుగు అంతవరకే, తర్వాతంతా ఇంగ్లీషూ, ఫ్రెంచి నుంచి పుట్టిన ఇక్కడి వాడుకభాష క్రియోలూ కలిపి కొట్టేశాడు. వాళ్ళ ముత్తాతలు చెరుకు తోటల్లో కూలికి కాంట్రాక్టు మీద వచ్చారట, 1843లో కోరంగి ప్యాకెట్ అనే ఓడ మన జనాన్ని తెచ్చిందని చదివా కానీ అలా వచ్చినవాళ్ళ మునిమనవడి పక్కన కూర్చుంటానని అనుకోలేదు. ఇప్పటికీ రామభజనాలు, అమ్మోరు పండగ చేస్తారట, ఉగాదికి దేశం మొత్తానికి సెలవు. మేం కోరంగి పేరు చెప్తే మడ అడవుల్లో బోటు షికారు తప్ప ఇంకేం గుర్తుపెట్టుకున్నాం!

జెండా గురించి అడిగితే ఆయన ఉత్సాహం చూడాలి. ఎరుపు స్వాతంత్ర్యం కోసం పోరాటం, నీలం హిందూ మహాసముద్రం, పసుపు కొత్త వెలుగు, ఆకుపచ్చ పంటలు, ఇది స్కూల్లో చెప్పేది. "ఆ రోజుల్లో మాకది పార్టీల గొడవ" అని నవ్వాడు. 1967 ఎన్నికల్లో నూటికి 40 మందికి పైనే స్వాతంత్ర్యం వద్దన్న పార్టీకి ఓటేశారు. 1968 జనవరిలో పోర్ట్ లూయిస్‌లో కొట్లాటలు, బ్రిటిష్ యువరాణి ప్రయాణమే ఆగిపోయింది. మార్చి 12న షాం ద మార్స్ మైదానంలో యూనియన్ జాక్ దించి ఈ జెండా ఎత్తారు, అదే రోజు ఎందుకంటే గాంధీ దండి యాత్ర మొదలైన తేదీ కాబట్టి. వీళ్ళ నాన్న ఇంటి ముందు జెండా కడితే పక్కింటివాళ్ళు తలుపులేసుకున్నారట. జెండా మారినా బ్రిటిష్ రాణి మాత్రం 1992 దాకా దేశాధినేతగా ఉండిపోయింది. రోజ్ బెల్‌లో సగం మాట మీదే దిగిపోయాడు, పేరు కూడా అడగలేదు.

మారిషస్ రాజముద్ర మీద ఒకవైపు డోడో పక్షి, ఇంకోవైపు జింక ఉంటాయి. డోడో డచ్చివాళ్ళ టైంలోనే అంతరించింది, జింకని 1639లో జావా నుంచి తెచ్చింది కూడా వాళ్ళే, చెరుకూ అంతే. 1710లో దీవిని వదిలేసి పోయారు, 1715లో ఫ్రెంచివాళ్ళు దిగారు.

మహెబూర్ ఒడ్డున నిలబడితే దూరంగా ఇల్ ద లా పాస్ అనే బుల్లి దీవి కనిపిస్తుంది. బోటుకి అడిగిన డబ్బు విని ఒడ్డు నుంచే చూశా. 1810 ఆగస్టులో బ్రిటిష్‌వాళ్ళు ఆ దీవి కోటని పట్టుకుని, పైన మాత్రం ఫ్రెంచి జెండానే ఎగరేసి ఉంచారు, వచ్చే ఫ్రెంచి ఓడల్ని మోసం చేద్దామని. ఓడలు దగ్గరకొచ్చాక ఫ్రెంచి జెండా దించి తమది ఎత్తబోతే, దించిన గుడ్డ నిప్పుల కుంపటి మీద పడి అంటుకుని పక్కనున్న తూటాల గుట్ట పేలింది, సొంత మనుషులే చచ్చిపోయారు. దొంగజెండాకి తగిన శాస్తే జరిగిందనుకున్నా. చివరికి ఆ గ్రాండ్ పోర్ట్ యుద్ధం ఫ్రెంచివాళ్ళే గెలిచారు, పారిస్‌లో ఆర్క్ ద ట్రియాంఫ్ అనే విజయ తోరణం మీద దాని పేరు చెక్కించుకున్నారు. నాలుగు నెలలు తిరక్కుండానే, డిసెంబర్‌లో మారిషస్ దీవి మొత్తం బ్రిటిష్‌వాళ్ళకి అప్పజెప్పేశారు! లొంగిపోయేటప్పుడు మాత్రం తెలివిగా మా మతం, మా చట్టాలు, మా ఆచారాలు, మా ఆస్తులు ముట్టుకోవద్దని రాయించుకున్నారు. అందుకే నూటయాభై ఏళ్ళు పైగా ఇంగ్లీషువాళ్ళు ఏలినా బజార్లో నాకు ఫ్రెంచి, క్రియోలే వినిపించాయి.

బస్టాండు దగ్గర దాల్ పూరీ తిన్నా, జత లెక్కన అమ్ముతారు, మన బొబ్బట్టు బెల్లం మర్చిపోయినట్టుంటుంది కానీ మిరపకాయ పచ్చడి అదిరింది. ఇంకో జత తిందామనుకున్నా గానీ సాయంత్రం ఆరు దాటితే బస్సులు పలచబడిపోతాయి, మళ్ళీ ఆ టాక్సీవాడి చేతికి చిక్కాలి, అందుకే చేతిలో పొట్లం పట్టుకుని పరిగెత్తి ఎక్కేశా.