మాస్టర్ రింగు, బర్నార్డ్ నక్షత్రం

బెంగళూరు పారిశ్రామిక వాడ పీణ్యలోని మా కొలతల విభాగంలో పోయిన నెల పెద్ద ఇన్‌స్పెక్టరు గారు నా రిపోర్టు పక్కన పెట్టి, కుర్రాళ్ళందరూ వింటుండగా, "రీడింగు సరే, మాస్టర్ రింగును ఇంకెవరు చూశారు?" అని అడిగారు. మాస్టర్ రింగంటే, కొలిచే ముందు గేజిని సరిచూసుకునే ప్రమాణ ఉంగరం. పొద్దున్నే నేను చూశానన్నాను. "మరొకరి చేత చూపించి సంతకం పెట్టించండి" అన్నారు. గొంతు పెంచలేదు, అయినా నాకు తల కొట్టేసినట్టయింది. విజయవాడ ఆటోనగర్‌లో మేస్త్రి గారు సరిపోయిందంటే సరిపోయినట్టే. దాని మీద మళ్ళీ గేజి పెట్టడమంటే ఆయన చేతిని శంకించడమే. అంతటి సాహసం చేసినవాడు మర్నాడు ఆ షెడ్డు గడప తొక్కలేడు. బెంగళూరులో మాత్రం, ఎన్నేళ్ళ అనుభవమున్నా, ప్రతి అంకెకూ సాక్షిని తెమ్మంటారు.

ఆ ఉక్రోషంలో ఉండగానే ఖగోళ శాస్త్రవేత్త పీటర్ వాన్ డి కాంప్ గుర్తుకొచ్చారు. ఆయనా పుట్టిన నెదర్లాండ్స్ వదిలి అమెరికాలో పని చేసుకున్నవారే. పెన్సిల్వేనియాలోని స్ప్రౌల్ వేధశాలలో 1938 నుంచి బర్నార్డ్ నక్షత్రాన్ని ఫొటో ఫలకాల మీదికి ఎక్కిస్తూ వచ్చారు. మనకు ఆరు కాంతి సంవత్సరాల దూరంలోనే ఉన్నా కంటికి ఆనని ఎర్ర మరుగుజ్జు, అంటే చిన్న మసక తార, అది. ద్రవ్యరాశి సూర్యుడిలో ఆరో వంతు. ఆకాశంలో అన్నిటికన్నా వేగంగా జరిగే తార అదేనని 1916లో ఎడ్వర్డ్ బర్నార్డ్ కనిపెట్టారు. సుమారు 180 ఏళ్ళలో నిండు చంద్రుడి వెడల్పంత కదులుతుంది. ఆ నడకలో చిన్న ఊగిసలాట ఉందనీ, దానికి కారణం గురుగ్రహం కన్నా బరువైన ఒక గ్రహమనీ వాన్ డి కాంప్ 1963లో ప్రకటించారు. ఫలకం మీద ఆ ఊగు ఇంచుమించు ఒక మైక్రాను, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.

మైక్రాను అంటే ఏమిటో మాకు తెలుసు. 100 మిల్లీమీటర్ల ఉక్కు గేజి ఒక్క డిగ్రీ వేడెక్కితే ఇంచుమించు అంతే పెరుగుతుంది. అందుకే స్లిప్ గేజిని, అంటే కొలతకు ప్రమాణంగా వాడే దిమ్మను, గుడ్డతో తుడిచి, గ్రానైట్ బల్ల మీద పెట్టి, చేతి వేడి ఆరేదాకా కాచుకుంటాం. తొందరపడితే మన అరచేతినే కొలిచి, అది వస్తువు కొలత అని రాసేస్తాం.

వాన్ డి కాంప్ విషయంలో జరిగిందీ దాదాపు ఇదే. 1973లో గేట్‌వుడ్, ఐక్‌హార్న్ అనే ఇద్దరు వేరే వేధశాలల ఫలకాలు కొలిస్తే ఊగిసలాట కనిపించలేదు. స్ప్రౌల్‌లోనే పనిచేసే జాన్ హెర్షీ అదే దూరదర్శిని ఫలకాల మీద మరో నక్షత్రాన్ని పరిశీలిస్తే, అదీ అవే సంవత్సరాల్లో అటే జరిగినట్టు తేలింది. ఆ జరుగుడు 1949లోనూ ఆ తర్వాతా దూరదర్శిని కటకానికి చేసిన మార్పులతో సరిపోయింది. రెండు తారలు కూడబలుక్కుని ఒకేసారి కదలవు కదా. వాన్ డి కాంప్ మాత్రం చాలా ఏళ్ళు తన మాట వదులుకోలేదు. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. జీవితమంతా ఒకే పరికరంతో గడిపినవాడికి ఆ పరికరాన్ని అనుమానించడం తనను అనుమానించినట్టే ఉంటుంది. పైగా అడిగింది పక్క గదిలోని సహోద్యోగి.

అంతటితో ఆగలేదు. 2018లో 233 రోజుల కక్ష్యలో ఒక గ్రహం ఉందన్నారు, 2021లో అదీ నక్షత్రపు సొంత అలజడి కావచ్చన్నారు. 2024లో చిలీలోని పెద్ద దూరదర్శినితో, 3.15 రోజులకోసారి చుట్టివచ్చే, భూమిలో సగం బరువు కూడా లేని గ్రహం బయటపడింది. అది తన నక్షత్రాన్ని కదిలించే వేగం సెకనుకు అర మీటరు, అంటే మన నడక కన్నా నెమ్మది. 2025లో హవాయిలోని మరో పరికరంతో ఇంకొకరు కొలిచి మొత్తం నాలుగు గ్రహాలని తేల్చారు. (మా మేస్త్రి గారైతే ఇక్కడ "నేను అప్పుడే చెప్పలేదూ" అనేవారు. వాన్ డి కాంప్ చెప్పిన పెద్ద గ్రహం మాత్రం ఈ నాలుగింటిలో లేదు.)

ఇదంతా తెలిసినా ఆ రోజు మాట ఇంకా చురుక్కుమంటూనే ఉంది. నలుగురిలో కాకుండా పక్కకు పిలిచి అడగవచ్చు కదా అన్నది నా ఫిర్యాదు; మన వైపు పెద్దవాళ్ళు ఆ మర్యాద పాటిస్తారు. అయితే మొన్న ఇన్‌స్పెక్టరు గారు తాను సరిచూసిన బోర్ గేజిని (రంధ్రాల లోపలి వెడల్పు కొలిచే పరికరం) నా ముందుకు జరిపి, అదే గొంతుతో, అదే కుర్రాళ్ళ ముందు, "ఇది మీరు చూసి సంతకం పెట్టండి" అన్నారు. నాకు రెండు మైక్రాన్లు తేడా వచ్చింది. చెప్పాను. ఆయన తన అంకె కొట్టేసి, కాసేపాగి ఇద్దరం మళ్ళీ కొలుద్దామన్నారు.