గుడ్డ సంచుల గుట్ట

నిన్న అలమర సర్దుతుంటే గుడ్డ సంచులు 14 బయటపడ్డాయి. మూడింటికి మడత కూడా విప్పలేదు. ఒకదాని మీద పచ్చటి అక్షరాలతో ‘భూమిని కాపాడుదాం’ అని ఉంది, అదేమో ఇంకా ప్లాస్టిక్ కవర్‌లోనే ఉంది!

2018లో డెన్మార్క్ పర్యావరణ శాఖ ఒక లెక్క వేసింది. పత్తి సాగు దగ్గర్నుంచి పారేసేదాకా అన్ని రకాల ప్రభావాలూ చూస్తే, మామూలు నూలు సంచి సూపర్‌మార్కెట్‌లో ఇచ్చే ప్లాస్టిక్ సంచి కంటే మేలనిపించుకోవాలంటే దాన్ని 7,100 సార్లు వాడాలట, ఆర్గానిక్ పత్తిదైతే ఏకంగా 20,000 సార్లు. వాతావరణ మార్పు ఒక్కటే చూసుకుంటే మామూలు నూలుదానికి 52 సార్లు, ఆర్గానిక్‌దానికి 149 సార్లు చాలు. (ఎక్కడపడితే అక్కడ పారేసే చెత్తను ఆ లెక్కలో కలపలేదు, అది వేరే గొడవ.)

52 సార్లు వాడిన సంచి మా ఇంట్లో ఒక్కటుందేమో. బయల్దేరేటప్పుడు మర్చిపోవడం, అక్కడ ఇంకోటి కొనడం, ఇంటికొచ్చి ఫీలైపోవడం, ఇదీ నా వరస. స్ట్రా వాడొద్దని పదిమందికీ క్లాస్ పీకి, శుభ్రంగా పనిచేస్తున్న ఫోన్ పక్కన పడేసి కొత్తది ఆర్డర్ పెట్టిందీ నేనే. పోయినవారం వెదురు బ్రష్ తెప్పించాను. పాత ప్లాస్టిక్ బ్రష్‌కి ఇంకో నెల ఆయుష్షుంది.