హెడ్డుకీ ప్రీఆంప్‌కీ మధ్య మూరెడు వైరు

నా ఓపెన్ రీల్ డెక్‌లో (పెద్ద చక్రాల టేప్ రికార్డర్) ఉన్న పాత ప్లేబ్యాక్ సర్క్యూట్‌ని పక్కనపెట్టి, టేపును చదివే హెడ్ వైర్లను నేరుగా బయటికి లాగి, ఆ చిన్న సిగ్నల్‌ని పెంచే విడి ప్రీఆంప్‌కి కలుపుకుందామనుకున్నాను. ప్రీఆంప్ కట్టడానికి రెండు వారాలు పట్టింది. వైరు కుదరడానికి అంతకంటే ఎక్కువే పట్టింది, అదీ నా తెలివితక్కువ వల్ల.

ముందు వాడింది స్టార్ క్వాడ్ మైక్ కేబుల్. నాలుగు తీగలు మెలేసి, పైన బయటి రొద దూరకుండా దట్టంగా రాగి అల్లిక, అంటే షీల్డ్. మంచి వైరు, అందులో అనుమానం లేదు. ప్రీఆంప్‌ని బల్లమీద చేతికందే చోట పెట్టుకోవచ్చు కదా అని మీటరున్నర ఉంచేశాను. హమ్ (కరెంటు గుయ్‌మనే మోత) అస్సలు లేదు. కానీ పాటలో 'స' వచ్చినచోటల్లా ఈల వేసినట్టుంది, ఆపైన ఇక ఏమీ లేదు. తలుపు మూసేసినట్టే. టేపు ముసలిదైపోయిందనుకున్నాను. తర్వాత హెడ్ వాలును సరిచేసే అజిమత్ స్క్రూ మీద పడ్డాను. బాగానే ఉన్నదాన్ని అనవసరంగా కదిపి, మళ్ళీ సరిచేసుకోడానికి ఒక సాయంత్రం పోయింది.

అసలు సంగతి ఏమిటంటే, మైక్‌కి పనికొచ్చే లెక్క హెడ్‌కి పనికిరాదు. డైనమిక్ మైక్ ఇంపెడెన్స్ (సిగ్నల్‌కి అది చూపే అడ్డు) వందల ఓమ్‌లలో ఉంటుంది, వైరు కెపాసిటెన్స్ (తీగకీ షీల్డ్‌కీ మధ్య చార్జి నిలిచే గుణం) కాస్త ఎక్కువైనా దానికి పట్టదు. హెడ్ అలా కాదు, అదొక చుట్ట. నా హెడ్ ఎల్‌సీఆర్ మీటర్‌లో (చుట్టల ఇండక్టెన్స్ కొలిచేది) 400 మిల్లీహెన్రీలు చూపించింది. ఆ చుట్టకి వైరు కెపాసిటెన్స్ పక్కన చేరిందంటే రెండూ కలిసి ఒక రెజొనెన్స్ పుట్టిస్తాయి. అక్కడ సిగ్నల్ ఉబ్బుతుంది, అది దాటగానే జారిపోతుంది. నా మీటరున్నర కేబుల్ 280 పికోఫారడ్‌లు. ప్రీఆంప్ ఇన్‌పుట్ దగ్గర రేడియో దూరకుండా నేనే పెట్టిన కెపాసిటర్ 220. మొత్తం 500. లెక్క కడితే రెజొనెన్స్ 11 వేల హెర్ట్జ్ దగ్గర తేలింది. ఈల అక్కడిదే! హెడ్ చుట్టకి సొంత కెపాసిటెన్స్ కూడా ఉంటుంది కాబట్టి, నిజానికి ఇంకాస్త కిందే ఉండి ఉంటుంది.

(హెడ్‌ని మల్టీమీటర్ ఓమ్‌లలో పెట్టి చూడకండి. దాని డీసీ కరెంటుకి హెడ్ అయస్కాంతమై కూర్చోవచ్చు. నేను చూశాను, తర్వాత ఆ అయస్కాంతాన్ని పోగొట్టే డీమాగ్నటైజర్ పట్టాను.)

రెండోసారి గిటార్లకి వాడే రకం సన్న కేబుల్ తెచ్చాను. హెడ్ నుంచి వచ్చేది ఒక మిల్లీవోల్టు, ఒక్కోసారి అదీ ఉండదు. అంత చిన్న సిగ్నల్‌కి వైరు కదిలినా, వేలు తగిలినా టపటపమంటుంది. గిటార్ కేబుల్‌లో ఇన్సులేషన్‌కీ షీల్డ్‌కీ మధ్య నల్లటి ప్లాస్టిక్ పొర ఒకటి ఉంటుంది, ఆ చప్పుడును అదే మింగేస్తుంది. అయితే అది కరెంటును కొంత పారనిస్తుంది. నేను దాన్ని ఉత్త ఇన్సులేషన్ అనుకుని ఒలవకుండా టంకం వేసేశాను. ఎడమ ఛానల్ నీరసంగా, పైగా గరగరమంటూ వచ్చింది. వైరును రెండువైపులా ఊడదీసి కొలిస్తే లోపలి తీగకీ షీల్డ్‌కీ మధ్య 30 కిలోఓమ్‌లు! నల్ల పొర అంచు వెంట్రుకంత మేర తీగను ముట్టుకుని ఉంది. బ్లేడుతో చుట్టూ గీసి, ఐదు మిల్లీమీటర్లు వెనక్కి ఒలిచాక ఆ గరగర మాయమైంది.

కుదిరింది మాత్రం మూడోది. టెఫ్లాన్ తొడుగున్న రెండు సన్న తీగలను మెలేసి, పైన అల్లిక షీల్డ్. హెడ్ చుట్ట రెండు కొసలూ ఆ జతకే. షీల్డ్‌ని ప్రీఆంప్ వైపు మాత్రమే గ్రౌండ్ చేశాను, హెడ్ వైపు కత్తిరించి స్లీవ్ తొడిగాను. సిగ్నల్ తిరిగొచ్చే దారి షీల్డ్ కాకుండా ఉండాలన్నదే దీని ఉద్దేశం. టెఫ్లాన్‌తో ఇంకో సుఖం: టంకం వేసేటప్పుడు ప్లాస్టిక్ కరిగి వెనక్కి ముడుచుకుపోదు. హెడ్ పిన్నులు బియ్యపు గింజంత దూరంలో ఉన్నప్పుడు ఆ విలువ తెలుస్తుంది. అల్యూమినియం రేకు షీల్డ్ జోలికి పోలేదు. పదేపదే వంగేచోట రేకు చిట్లుతుంది. క్యాసెట్ డెక్‌లో ప్లే నొక్కినప్పుడల్లా హెడ్ ముందుకొస్తుంది కాబట్టి అక్కడైతే అసలు పనికిరాదు.

పొడవు 40 సెంటీమీటర్లే. ప్రీఆంప్‌ని బల్లమీద పెట్టుకోవాలన్న సరదా మానుకుని డెక్ వెనక రెండు స్క్రూలతో బిగించాను. వైరు 35 పికోఫారడ్‌లు, ఇన్‌పుట్ కెపాసిటర్‌ని తగ్గించాక మొత్తం 130 దాకా వచ్చింది. రెజొనెన్స్ 22 వేలకి ఎక్కింది. ఇంకా తగ్గిద్దామని చెయ్యి దురద పెట్టింది గానీ ఆగాను. చాలా డెక్‌లలో హెడ్‌కి అడ్డంగా కావాలనే ఒక కెపాసిటర్ పెడతారు. హెడ్ గ్యాప్ (టేపు తగిలేచోట హెడ్‌లో ఉండే సన్న చీలిక) వల్ల పైన పోయే ధ్వనిని ఆ ఉబ్బుతోనే కాస్త నిలబెడతారు. మొత్తం తీసేస్తే అదీ పోతుంది.

ఇప్పుడు 'స' 'స'లాగే వినిపిస్తోంది. మోటారు తిరిగినప్పుడు సన్నగా హమ్ మిగిలింది. అది వైరుది కాదు, హెడ్ మీద అయస్కాంత క్షేత్రాన్ని అడ్డుకునే మ్యూ మెటల్ మూతను వేలితో నొక్కి పట్టుకుంటే తగ్గుతోంది. దాని స్ప్రింగ్ వదులైనట్టుంది. మిగిలిన స్టార్ క్వాడ్ చుట్టను మైక్‌కి కలిపాను.