పోలి పాడ్యమి నాడు ఇసుకలో పడక

తమ్ముడు ఉద్యోగానికి మస్కట్ వెళ్లి ఆరేళ్లయింది. "ఒక్కసారి రా అక్కా, నిన్ను ఎడారిలో పడుకోబెడతాను" అని ఆరేళ్లూ ఊరిస్తూనే వచ్చాడు. చివరికి 2023 డిసెంబరులో అమ్మను వెంటబెట్టుకుని విజయవాడ నుంచి బయలుదేరాను.

తేదీ దగ్గరే మొదటి గొడవ. నాకేమో చంద్రుడు లేని రాత్రి కావాలి. ఏటా డిసెంబరు 13, 14 రాత్రుల్లో మిథున రాశి వైపు నుంచి ఉల్కలు బాగా రాలతాయి. జెమినిడ్లు అంటారు. నల్లటి ఆకాశం దొరికితే గంటకు వంద పైచిలుకు కూడా కనబడతాయట. ఆ ఏడాది 12న అమావాస్య. ఇంతకన్నా మంచి రాత్రి మళ్లీ ఎప్పుడొస్తుందని నా ఆత్రం. అమ్మ మాత్రం, "అమావాస్య పూట ఊరు దాటడమే తప్పు, నువ్వు ఇసుక దిబ్బల్లో పడుకుందామంటావేమిటే!" అంది. 13 బుధవారం, పాడ్యమి అన్నాను. "పాడ్యమి మాత్రం ప్రయాణానికి ఏం మంచిది?" అంది. అయితే అది పోలి పాడ్యమి. తెల్లవారుజామున దీపాలు వదిలి, పోలిని స్వర్గానికి పంపి, ఆ పుణ్యంతో బయలుదేరవచ్చని తనకు తానే సర్ది చెప్పుకుంది. మస్కట్‌లో ఆ వేళప్పుడు అరటి దొప్ప ఎక్కడ దొరుకుతుంది? కొబ్బరి చిప్పలో ముప్ఫై వత్తులు వెలిగించి, బాత్‌రూమ్ టబ్బులో వదిలింది.

రెండో గొడవ తమ్ముడితో. వాడి స్నేహితుడి దగ్గర ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉంది. అది తీసుకుని, నచ్చిన చోట టెంటు వేసుకుందామంటాడు. ఒమన్‌లో అలా బయట గుడారం వేసుకోవడం మామూలే. వాడూ చాలాసార్లు వెళ్లాడు.

"రెండో బండి ఎవరిది?" అన్నాను.

"రెండో బండి ఎందుకక్కా?"

"మనది కూరుకుపోతే లాగేదెవరు? పార ఉందా? టైర్ల కింద వేసే పలకలున్నాయా? గాలి కొట్టే పంపు?"

"పంపు ఉంది."

అమ్మకు అరవై ఏడేళ్లు, బీపీ. ఒక్క బండి, ఒక్క పంపు నమ్ముకుని ఆవిడను ఇసుకలోకి తీసుకెళ్లలేనని తేల్చి చెప్పాను. "నువ్వు ఉత్త పిరికిదానివక్కా" అన్నాడు. ఒప్పుకున్నాను. పిరికితనం అన్నిసార్లూ తప్పు కాదు.

అలా క్యాంపులు వెతకడం మొదలుపెట్టాం. మేం వెళ్లదలచుకున్నది వహీబా ఇసుక ఎడారికి. ఇప్పుడు దాని అధికారిక పేరు షర్ఖియా సాండ్స్ గానీ, అక్కడ తరతరాలుగా ఉంటున్న బెదూ తెగ పేరుతో వహీబా అనే అందరూ అంటారు. ఉత్తరం నుంచి దక్షిణానికి దాదాపు 180 కిలోమీటర్లు, అడ్డంగా 80. కొన్ని దిబ్బలు వంద మీటర్ల ఎత్తు ఉంటాయి. ఉత్తరపు అంచున బిదియా అనే ఊరు, దాని పక్క పల్లెలు. క్యాంపులన్నీ అక్కడి నుంచి ఇసుకలోకి కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉంటాయి.

నాలుగు క్యాంపులకు ఒకే ప్రశ్నలు రాశాను. తారు రోడ్డు నుంచి ఎంత లోపల? అక్కడ ఫోను పలుకుతుందా? రాత్రి ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే బండీ, డ్రైవరూ అక్కడే ఉంటారా? టెంటు నుంచి టాయిలెట్ ఎన్ని అడుగులు? లైట్లు ఎప్పుడు తీసేస్తారు? ఒక క్యాంపు నుంచి జవాబుగా ఒంటె ఫొటో వచ్చింది, అంతే. దాన్ని వెంటనే కొట్టేశాను. అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పిన క్యాంపును ఖాయం చేసుకున్నాం. రాత్రి భోజనం, పొద్దున టిఫిను కలిపి మనిషికి 35 రియాళ్లు. మన డబ్బుల్లో ఏడున్నర వేల పైనే. రాత్రి లైట్లు తీసేసే సంగతి మిగతావాళ్లకు ఇబ్బందేమో గానీ, నాకు కావలసింది అదే.

ట్రావెల్ ఇన్సూరెన్స్ కాగితం కూడా ఇక్కడే విజయవాడలో కూర్చుని చదివాను. అమ్మ బీపీ సంగతి ముందే రాయించాం. సాహస క్రీడలకు పాలసీ వర్తించదని అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. దిబ్బల మీద బండి ఎగరేసే ఆట ఆ లెక్కలోకే వస్తుంది. అద్దె కారు కాగితంలోనూ అలాంటి ముక్కే. తారు రోడ్డు దిగితే బాధ్యత మాదే. అందుకని కారు పల్లెలో పెట్టి, క్యాంపు వాళ్ల బండిలో లోపలికి వెళ్లడానికి ఒప్పందం. క్యాంపు ఎక్కడుందో లొకేషనూ, వాళ్ల నంబరూ మా ఆయనకు పంపాను. పొద్దున పదిలోపు మా దగ్గర్నుంచి ఫోను రాకపోతే ముందు క్యాంపుకి, తర్వాత తమ్ముడి ఆఫీసులో వాడి స్నేహితుడికి చెయ్యాలి. ఆ స్నేహితుడు అక్కడి పోలీసుల ఎమర్జెన్సీ నంబరు 9999కి చేస్తాడు. "మీరు వెళ్లేది పిక్నిక్‌కా, యుద్ధానికా?" అన్నారు మా ఆయన.

బుధవారం పొద్దున ఎనిమిదికి మస్కట్ దాటాం. దారిలో ఇబ్రా అనే ఊరు. అక్కడ బుధవారం బుధవారం ఆడవాళ్ల సంత జరుగుతుంది. అమ్మేదీ ఆడవాళ్లే, కొనేదీ ఆడవాళ్లే. తమ్ముడు కారులోనే ఉండిపోయాడు. బట్టలు, అత్తర్లు, కాటుక, ధూపాలు. అమ్మకు అరబ్బీ రాదు, వాళ్లకు తెలుగు రాదు, అయినా బేరం మాత్రం ఆగలేదు. చివరికి ఒక పొట్లం లుబాన్ కొంది. ఒమన్ అంటేనే ఈ ధూపానికి పేరు. "సాంబ్రాణిలా లేదు, ఇంకా బాగుంది" అని దారి పొడుగునా వాసన చూస్తూనే ఉంది.

మధ్యాహ్నం బిదియాలో భోంచేసి, మూడున్నరకు క్యాంపు బండి ఎక్కాం. డిసెంబరులో అక్కడ అయిదున్నర లోపే పొద్దు గుంకుతుంది. వెలుగుండగానే చేరాలన్నది నా పట్టు. డ్రైవరు ఒమనీ పెద్దాయన, హిందీ బాగానే మాట్లాడతాడు. ఇసుకలోకి దిగే ముందు నాలుగు టైర్లలోనూ గాలి తీయించాడు, 35 ఉన్నదాన్ని 16కి. గాలి తగ్గితే టైరు అడుగున పరుచుకుంటుంది, బరువు ఎక్కువ మేర పడి ఇసుకలో దిగబడదు. ఒంటె పాదం చూడండి, అడుగు వేయగానే ఎలా పరుచుకుంటుందో, అదే కిటుకు. "అమ్మ ఉన్నారు, మెల్లగా" అని నేను చెప్పే లోపే ఆయనే అద్దంలో అమ్మను చూసి, "మా జీ, ఆహిస్తా చలేంగే" అన్నాడు, అమ్మా, మెల్లగానే వెళ్దాం అని.

దారిలో ఒక చెట్టు దగ్గర అమ్మ బండి ఆపించింది. అక్కడ దాన్ని గాఫ్ అంటారు. దగ్గరికెళ్లి ఆకు తుంచి చూసి, "ఇది జమ్మి కదే!" అంది. నిజమే. మన దసరా జమ్మి, పాండవులు ఆయుధాలు దాచిన చెట్టు, తెలంగాణ రాష్ట్ర వృక్షం. వేళ్లు చాలా లోతుకు దించి, సముద్రం మీంచి వచ్చే మంచును పట్టుకుని ఆ ఇసుకలో బతుకుతుంది. అమ్మ చెప్పులు విడిచి చెట్టు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. డ్రైవరు ఏమీ అడగలేదు, ఇంజను ఆపి ఊరుకున్నాడు.

క్యాంపులో పనిచేసే ఒక కుర్రాడిది జగిత్యాల. మా మాటలు విని పరుగెత్తుకొచ్చాడు. జమ్మి సంగతి చెబితే నవ్వి, "దసరకు మేం గా చెట్ల ఆకే తెచ్చుకొని బంగారం పంచుకుంటం అక్కా" అన్నాడు. ఆ రాత్రి మమ్మల్ని కాపలా కాసింది దాదాపు అతనే. ముందు బూట్ల పాఠం. రాత్రి విప్పినవి టెంటు బయట పెట్టొద్దు, పొద్దున దులపకుండా కాలు పెట్టొద్దు. తేళ్లుంటాయి. చలికాలం పాములు అంతగా తిరగవు గానీ, టార్చి లేకుండా అడుగు వేయొద్దన్నాడు. తర్వాత నిప్పుల పాఠం. నెగడు చుట్టూ కూర్చుని అందరూ లేచాక, నిప్పుల మీద నీళ్లు పోస్తున్నాడు. ఇసుక కప్పితే సరిపోతుందిగా అన్నాను.

"ఇసుక పోస్తే పైకి చల్లగనే కనబడ్తది అక్కా. లోపల నిప్పు గట్లనే ఉంటది. పొద్దుగాల పిల్లలు ఒట్టి కాళ్లతోని ఉరుకుతరు. బొబ్బలే."

అమ్మకు చలి మొదలైంది. పగలు ఎండగా ఉన్నది రాత్రికి స్వెటర్ ఆపనంతగా దిగిపోయింది. "నాలుగు బొగ్గులు కుంపట్లో వేసి లోపల పెట్టు నాయనా, మా చిన్నప్పుడు పెట్టుకునేవాళ్లం" అంది. వాడు చచ్చినా ఒప్పుకోలేదు. మూసిన టెంటులో బొగ్గులు కాలితే వాసన లేని విషవాయువు నిండుతుంది, నిద్రలోనే ప్రాణం పోతుంది. మీ చిన్ననాటి ఇంటికి కిటికీలు, పెంకుల సందులు ఉన్నాయమ్మా అని నేను సర్ది చెప్పాను. రెండు రగ్గులు ఎక్కువ తెచ్చిచ్చాడు.

ఇంత జాగ్రత్త పడ్డదాన్ని, దారి తప్పింది నేనే.

రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. లైట్లన్నీ ఆరిపోయాయి. బూట్లు దులిపి తొడుక్కుంటుంటే అమ్మ గొంతు, "ఎక్కడికే?"

"చుక్కలు చూసి వస్తా. ఇరవై నిమిషాలు."

"ఇరవై అంటే ఇరవై."

శాలువా, ఫోను, మెడలో విజిల్. టెంట్ల వెనక దిబ్బ ఎక్కి, అవతలి వాలులో వెల్లకిలా పడుకుని టార్చి ఆర్పేశాను. నడినెత్తికి దగ్గరగా పునర్వసు, రాముడి జన్మనక్షత్రం. ఉల్కలన్నీ అటునుంచే గీతలు గీస్తున్నట్టు రాలుతున్నాయి. కొన్ని సన్నగా, ఒకటి రెండు మాత్రం ఇసుక మీద నీడ పడుతుందేమో అన్నంత వెలుగుతో. ముప్ఫై దాకా లెక్కపెట్టి మానేశాను. శాలువా మంచుకు తడిసి బరువెక్కాక లేచాను.

దిబ్బ ఎక్కి దిగాను. టెంట్లు లేవు.

మళ్లీ ఎక్కాను. దిబ్బ వీపు ఒకటే గీత అనుకున్నాను గానీ, అది రెండు పాయలై చీలి ఉంది. పడుకున్నప్పుడు ఎటు జారానో, ఎటు తిరిగానో గుర్తు లేదు. ఫోను టార్చి నాలుగడుగుల మేర మాత్రం చూపించి, దాని అవతల చీకటిని ఇంకా చిక్కన చేస్తోంది. నా అడుగుజాడలు వెతుకుదామంటే పగలంతా జనం తొక్కిన ఇసుక, అన్నీ అడుగులే. సిగ్నలు ఒక గీత వస్తుంది, పోతుంది. తమ్ముడి ఫోను మోగినా వాడు లేస్తే కదా.

ఇంకొంచెం ముందుకెళ్లి చూద్దామా అని కాలు లాగింది. ఆ 'ఇంకొంచెం'తోనే మనుషులు ఎడారిలో దారి తప్పుతారని సాయంత్రం తమ్ముడు చెప్పింది గుర్తొచ్చి, ఉన్నచోటే కూలబడ్డాను. విజిల్ మూడుసార్లు ఊదాను. ఇసుక ఆ చప్పుడును తాగేసినట్టయింది. ధ్రువ నక్షత్రం వెతికాను. విజయవాడలో కన్నా కాస్త పైకే ఉంది. క్యాంపు పెద్ద దిబ్బకు తూర్పున అని తెలుసు, ఉత్తరం ఎడమ చేతికి పెట్టుకుని నడిస్తే తూర్పే. కానీ నేనున్నది ఆ పెద్ద దిబ్బ మీదేనా? గుండె చప్పుడు చెవుల్లో వినబడుతోంది.

అప్పుడు, నేననుకున్న వైపు కాదు, కుడిచేతి పక్కన ఒక వెలుగు లేచింది. సన్నగా, నిటారుగా, మంచులో కర్ర నిలబెట్టినట్టు. దాన్నే చూసుకుంటూ దిగాను. టెంటు ముందు అమ్మ, రగ్గు కప్పుకుని, పెద్ద టార్చి ఆకాశం వైపు పట్టుకుని నిలబడి ఉంది.

"విజిల్ విన్నావా?"

"ఏం విజిల్? నువ్వు చెప్పిన టైము దాటి ఏడు నిమిషాలైంది."

పొద్దున వెలుగులో వెళ్లి అడుగులు లెక్కపెట్టాను. నేను కూలబడ్డ చోటికీ, మా టెంటుకీ నూట పన్నెండు. తమ్ముడు నాతోపాటే నడిచాడు, ఏమీ అనలేదు. తిరుగుదారిలో టైర్లకు మళ్లీ గాలి కొట్టిస్తుండగా మాత్రం, "నేను తరచుగా వెళ్లే చోట రెండో బండి ఉండదక్కా" అన్నాడు మెల్లగా.

బిదియాలో మా ఆయనకు ఫోను చేశాం. అప్పటికి తొమ్మిదిన్నర. స్పీకర్లో ఆయన గొంతు, "రాత్రి ఏమిటి విశేషాలు?"

నేను నోరు తెరిచే లోపే వెనక సీటులోంచి అమ్మ, "ఆరు చుక్కలు రాలాయి నాయనా. ఆ ఏడు నిమిషాల్లో నేనే లెక్కపెట్టాను" అంది.