చెయ్యి కుదిరింది, నడక కుదరలేదు

మా నాన్న చుక్క కూడా ముట్టని మనిషి. అయినా ఊళ్లో ఆయన్ని తాగుబోతనే అనుకున్నారు. కాళ్లు ఎడంగా వేసి తూలుతూ నడిచేవాడు, మాట ముద్దగా వచ్చేది. నలభై దాటాక నాకూ అదే మొదలైంది. బోర్డు మీద వృత్తం గీస్తే వంకాయయ్యేది. పిల్లలు నవ్వేవాళ్లు, మొదట్లో నేనూ నవ్వేవాణ్ణి.

హైదరాబాద్‌లో జన్యు పరీక్ష చేయించారు. స్పైనోసెరెబెల్లార్ అటాక్సియా, టైప్ 2. చిన్నమెదడు కొద్దికొద్దిగా క్షీణించే జబ్బు. తల్లిదండ్రుల్లో ఒకరికుంటే పిల్లలకు వచ్చే అవకాశం సగానికి సగం. నాన్న పోయిన పదకొండేళ్లకి ఆయన జబ్బుకు పేరు దొరికింది. మా అమ్మాయికి పరీక్ష చేయించాలా అన్నది ఇంకా తేలలేదు. తనకి ఇరవై రెండు, తనే చెప్పాలి.

కాళ్లతో ఎలాగో సర్దుకున్నాను గానీ కుడిచెయ్యి వణుకు ప్రాణం తీసింది. ఒళ్లో పెట్టుకుంటే ఉండదు, ఏదైనా పట్టుకోబోతేనే వస్తుంది. ముద్ద నోటి దాకా వచ్చేసరికి సగం చొక్కా మీదే. టీ కొట్టతను నాకు అరగ్లాసే పోసేవాడు. మందులు పనిచేయకపోతే డాక్టరుగారు డీబీఎస్ మాటెత్తారు, అంటే మెదడులోకి తీగ దించి బ్యాటరీతో కరెంట్ ఇచ్చే ఆపరేషన్. పార్కిన్సన్స్ వాళ్లకు చేసేదే. "ఇది వణుక్కి మాత్రమే మాస్టారూ, నడక బాగవుతుందని ఆశ పెట్టుకోకండి" అని మూడుసార్లు చెప్పారు. మా ఇంట్లోవాళ్లు మూడుసార్లూ వినలేదు.

ఆపరేషన్ మెలకువలోనే. గుండు చేసి, తలకి చట్రం స్క్రూలతో బిగించారు. మత్తు తల చర్మానికే. డ్రిల్లు చప్పుడు చెవిలో కాదు, దవడలో వినిపించింది. మెదడు లోతుల్లో ఉండే థలమస్ అనే భాగంలోకి, ఎడమవైపు, సన్నటి తీగ దించి, అట్ట మీద కాగితం పెట్టి చుట్టలు గీయమన్నారు. మొదటిది కోడి కెలికినట్టుంది. "కరెంట్ ఇస్తున్నాం" అన్నారు. వేళ్లు జివ్వుమన్నాయి. రెండోది గీశాను. నా పాత చేతి గీత అది. ఏడుద్దామంటే తల కదలదు.

రెండువైపులా చేస్తే మాట ఇంకా ముద్దయ్యే ప్రమాదం ఉందని ఒకవైపే చేశారు. బ్యాటరీ కంటె ఎముక కింద, చర్మం లోపల. నెల తర్వాత ఆన్ చేసి, కరెంట్ సెకనుకు 130 సార్లు తట్టేలా పెట్టారు. వణుకు పూర్తిగా పోవాలని నేనే పట్టుబట్టి ఓసారి కరెంట్ పెంచమన్నాను. ఆ సాయంత్రమే నాలుక మడతపడింది, బాత్రూం గడప దగ్గర పడ్డాను. మర్నాడు తగ్గించారు. అత్యాశ నాదే.

ఏడాదిన్నరయింది. బ్యాంకులో నా సంతకం ఒప్పుకుంటున్నారు, గుండీలు నేనే పెట్టుకుంటున్నాను. నడక మాత్రం కాస్త దిగజారింది. చేతికర్ర వచ్చింది. రోజూ గోడ పక్కన అడుగు ముందు అడుగు వేసే ఫిజియోథెరపీ.

మొన్న టీ కొట్టతను "పొద్దున్నే ఏంటి మాస్టారూ, తూలుతున్నారు" అన్నాడు. నాన్నయితే తల దించుకుని వెళ్లిపోయేవాడు. నేను ఆగి, చొక్కా గుండీ విప్పి, అతని వేలు బ్యాటరీ మీద పెట్టించాను. గబుక్కున చెయ్యి లాక్కున్నాడు. తర్వాత ఏమనుకున్నాడో గ్లాసు నిండా పోసిచ్చాడు. నాలుగు చుక్కలు ఒలికాయి.